కోర్టు తలుపు మూయకుండానే న్యాయమూర్తులకు సెలవు ఇవ్వొచ్చు: హైకోర్టుకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి గారికి, న్యాయమూర్తులందరికీ నమస్కారాలు.

విజయవాడ, గుంటూరు కోర్టుల్లో పనిచేసే కొందరం న్యాయవాదులం, న్యాయవాద గుమాస్తాలం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. విషయం వేసవి సెలవులు. వాటిని తీసేయమని మేం అడగడం లేదు. న్యాయమూర్తి సెలవు వేరు, కోర్టు సెలవు వేరు. మన చట్టాలూ అలవాట్లూ ఈ రెంటినీ ఒకటిగా కలిపేశాయి. వాటిని విడదీయమన్నదే మా మనవి. ఇందులో పార్లమెంటు చేయాల్సింది కొంత ఉంది. మీ ఒక్క నోటిఫికేషన్‌తో అయ్యేది అంతకంటే ఎక్కువ ఉంది.

ఏటా మే వచ్చేసరికి ‘కోర్టులకు ఇన్ని సెలవులెందుకు’ అన్న చర్చ మొదలవుతుంది. ఏడాదికి సుప్రీంకోర్టు సుమారు 190 రోజులు, హైకోర్టులు 210, జిల్లా కోర్టులు 245 రోజులు పనిచేస్తాయని లెక్క చూపిస్తారు. మిగతా రోజులన్నీ న్యాయమూర్తులు ఖాళీగా ఉంటారన్నట్టు మాట్లాడతారు. అది అన్యాయం. బెంచి మీద కనిపించేది వాళ్ల పనిలో సగమే. వాదనలు విని తీర్పు రిజర్వు చేశాక సాక్ష్యాలు, ఎగ్జిబిట్లు మళ్లీ మొదటినుంచి తిరగేయాలి. విచారణ ముగిశాక 30 రోజుల్లో, అసాధారణ కారణాలుంటే 60 రోజుల్లో తీర్పు చెప్పాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 20 రూల్ 1 అంటుంది. పగలంతా సాక్షుల విచారణతో గడిచిపోయే జడ్జికి తీర్పు రాసుకునే సమయం రాత్రుళ్లు, ఆదివారాలు, వెకేషన్ (కోర్టు మూసే సెలవు కాలం). సెలవులకు కోత పెడితే ముందు ఆగిపోయేవి ఆ తీర్పులే.

పైగా దేశంలోని హైకోర్టులకు మంజూరైన 1,122 పోస్టుల్లో దాదాపు మూడో వంతు ఖాళీగానే ఉంటూ వస్తున్నాయి. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలు ఉండాలని లా కమిషన్ 1987లోనే తన 120వ నివేదికలో చెప్పింది. ఇప్పటికీ మనం అందులో సగానికి కూడా చేరలేదు. ఐదు కోట్లు దాటిన పెండింగ్ కేసుల బరువును ఉన్న కొద్దిమంది విశ్రాంతి మీద మోపడం సరికాదని మేం గట్టిగా నమ్ముతున్నాం.

మరి చిక్కు ఎక్కడుంది? చట్టంలోనే ఉంది. హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు, సర్వీసు నిబంధనల చట్టం 1954లో విశ్రాంతికి రెండు దారులున్నాయి. మొదటిది న్యాయమూర్తి సొంత సెలవు. దానికి ప్రతి న్యాయమూర్తి పేరునా ఒక ఖాతా ఉంటుంది. లెక్కంతా సగం జీతంతో తీసుకునే సెలవు కొలతలో నడుస్తుంది. చేసిన సర్వీసులో నాలుగో వంతు కాలం ఆ ఖాతాలో జమ అవుతుంది. పూర్తి జీతంతో వాడుకోగలిగేది సర్వీసులో ఇరవై నాలుగో వంతు, అంటే ఏడాదికి ఉరామరిగా పదిహేను రోజులు. ఒక దఫా పూర్తి జీతంపై ఐదు నెలలు, అన్ని రకాలూ కలిపి 16 నెలలు మించకూడదు. వెకేషన్‌లో గడిపిన కాలం కూడా సర్వీసు కిందే లెక్క, ఆ రోజుల్లో విడిగా సెలవు పెట్టి ఉంటే తప్ప.

రెండో దారి వెకేషన్. సెక్షన్ 23ఎ ప్రకారం ప్రతి హైకోర్టుకూ వెకేషన్ ఉండాలి, అది ఎన్నాళ్లన్నది రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా నిర్ణయమవుతుంది. ఇక్కడ ఒక్క మాట గమనించమని మనవి. వెకేషన్ ఉండాలన్నది హైకోర్టుకు, న్యాయమూర్తికి కాదు. సంస్థకే సెలవు ఇచ్చేసరికి అందరూ ఒకేసారి వెళ్లడం, ఆ నెల రోజులూ అత్యవసరం పేరుతో చిన్న కిటికీ ఒకటి తెరిచి ఉంచడం ఆనవాయితీ అయిపోయింది.

ఇదే చట్టంలో బయటివాళ్లు పెద్దగా పట్టించుకోని ముడి ఇంకొకటి ఉంది. హైకోర్టుతో సంబంధం లేని విధుల్లో, అంటే ఏదైనా విచారణ కమిషన్ లాంటి పనిలో ఉండిపోయి వెకేషన్ వాడుకోలేకపోయిన న్యాయమూర్తికి పరిహారం దొరుకుతుంది. ఆ ఏడాది దొరికిన వెకేషన్ ఒక నెలకు ఎంత తగ్గిందో, అంతకు రెట్టింపు సెలవు ఖాతాకు జమ అవుతుంది. అదే న్యాయమూర్తి తన హైకోర్టులోనే, సెలవుల్లో అత్యవసర కేసులు వినే వెకేషన్ బెంచి మీద కూర్చుంటే ఆ క్లాజు కిందికి రారు. బయట పని చేసినవారికి పరిహారం ఉండి, సొంత కోర్టులో బెయిలు పిటిషన్లు విన్నవారికి లేకపోవడంలో న్యాయం కనిపించదు. కింది కోర్టుల న్యాయాధికారుల విషయం ఇలా లేదు. వెకేషన్ డ్యూటీ చేసిన మేరకు వాళ్లకు ఆర్జిత సెలవు జమ చేసే పద్ధతి ఉంది. పార్లమెంటు ముందుకు వెళ్లాల్సిన సవరణలు ఈ రెండే. 23ఎలో వెకేషన్‌ను కోర్టుకు కాక న్యాయమూర్తికి చెందేలా మార్చడం, పరిహారం క్లాజును వెకేషన్ బెంచికీ వర్తింపజేయడం. ఈ మేరకు ఫుల్ కోర్టు, అంటే హైకోర్టు న్యాయమూర్తులందరూ కలిసి, ఒక తీర్మానం చేసి కేంద్రానికి పంపితే దానికుండే బరువు వేరు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. వెకేషన్‌ను 21 రోజులు తగ్గించాలని 2003లో క్రిమినల్ న్యాయ సంస్కరణలపై వేసిన మలిమత్ కమిటీ చెప్పింది. పది, పదిహేను రోజులైనా తగ్గించి, రోజూ అరగంట ఎక్కువ కూర్చోవాలని 2009లో లా కమిషన్ 230వ నివేదిక అంది. ఏడాది పొడవునా కోర్టు తెరిచి ఉంచి న్యాయమూర్తులు వంతులవారీగా సెలవు తీసుకోవాలని 2014లో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎం. లోధా ప్రతిపాదించారు. 2023 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం 133వ నివేదికలో అదే సిఫారసు చేసింది. తగ్గించమన్నవారి కంటే వంతులు వేయమన్నవారి మాటే సరైనదని మా అభిప్రాయం. తగ్గిస్తే న్యాయమూర్తి నష్టపోతారు, వంతులు వేస్తే ఎవరూ నష్టపోరు.

సుప్రీంకోర్టు కొంత దూరం నడిచింది. పది వారాల వేసవి సెలవును 2014లో ఏడు వారాలకు కుదించింది. 2024 నవంబరులో నిబంధనలు సవరించి, ‘వేసవి సెలవులు’ అన్న మాటే తీసి ‘పాక్షిక పనిదినాలు’ అని పెట్టింది. ‘వెకేషన్ జడ్జి’ అన్న మాట కూడా పోయింది. ఈ పాక్షిక పనిదినాలు, ఇతర సెలవులు కలిపి ఆదివారాలు కాకుండా ఏడాదికి 95 రోజులు మించకూడదంది. అంతకుముందు ఆ హద్దు 103 రోజులు. పేరు మార్చినంత మాత్రాన కక్షిదారుకు ఒరిగేదేమీ లేదు, ఆ రోజుల్లో ఎన్ని బెంచీలు కూర్చుంటున్నాయన్నదే లెక్క. అయినా మనసు పెడితే ఎంత పెద్ద పనైనా అవుతుంది. 2017 మేలో ముమ్మారు తలాక్ కేసును ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం వేసవి సెలవుల్లోనే విన్నది.

ఇక మన దగ్గరి సంగతి. మే నెలలో హద్దు తగాదాలు ఎందుకు పెరుగుతాయో కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్లకు చెప్పనక్కర్లేదు. కోతలైపోయి చేలు ఖాళీగా ఉంటాయి. కాలువలకు నీళ్లు వదిలేలోపే గట్లు చెక్కడం, బోదెలు మళ్లించడం, కంచెలు వేయడం అన్నీ కావాలి. పట్నాల్లోనూ కట్టుబడి పనులు ఎండల్లోనే జోరుగా సాగుతాయి. ఎదుటివాడి స్థలంలోకి జరగాలనుకున్నవాడు క్యాలెండరు చూసుకునే జరుగుతాడు. ఒక తాపీ మేస్త్రి, ఇద్దరు కూలీలు ఉంటే నలభై అడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తు గోడ రెండు మూడు రోజుల్లో లేస్తుంది.

అదే రోజుల్లో బాధితుడు ఏం చేయాలో చూడండి. దావా, దానితో ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు), అఫిడవిట్, వకాల్తా, కోర్టు ఫీజు, దస్తావేజుల జాబితా, వెకేషన్‌లోనే ఎందుకు వినాలో చెప్పే అర్జెంటు పిటిషన్, అన్నీ సిద్ధం కావాలి. వెకేషన్ కోర్టుకు వారంలో ఒక రోజు ఫైలింగ్, ఒకటి రెండు రోజుల తర్వాత హియరింగ్ అని పెట్టడం మామూలు. సోమవారం ఫైలింగ్ అనుకుందాం. మంగళవారం గోడ మొదలైతే మళ్లీ సోమవారం దాకా కాగితం తీసుకునేవాళ్లు లేరు. సోమవారం వేసిన కాగితం ఏదో చిన్న అభ్యంతరంతో రిటర్న్ అయితే, సరిచేసి మళ్లీ వేసేలోపు హియరింగ్ రోజు దాటిపోతుంది. ఇంకో వారం. అప్పటికి గోడ పూర్తయి సున్నం కూడా పడుతుంది. కట్టకుండా ఆపమని వేసిన దావా కట్టింది కూల్చమనే దావా అవుతుంది. దానికి కావలసిన రుజువు వేరు, పట్టే ఏళ్లు వేరు. గోడ లేచాక వచ్చే, పని ఆపమనే ఇన్‌జంక్షన్ ఆర్డరు ఇంట్లో దాచుకోవడానికే పనికొస్తుంది.

ఆర్డరు సమయానికి వచ్చినా చిక్కులు తీరవు. అవతలివాళ్లను వినకుండా ఇన్‌జంక్షన్ ఇస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 3 ప్రకారం దావా, అఫిడవిట్ నకళ్లు ఎదుటి పక్షానికి వెంటనే పంపాలి. పంపినట్టు అదే రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వేయాలి. వెకేషన్‌లో మర్నాడు కౌంటరే లేకపోతే? ఎదుటి న్యాయవాది జూన్‌లో మొదట ఎత్తే అభ్యంతరం అదే, ‘రూల్ 3 పాటించలేదు, ఆర్డరు రద్దు చేయండి’ అని. రూల్ 3ఎ ప్రకారం అలాంటి ఇన్‌జంక్షన్ పిటిషన్‌ను 30 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. ఆ 30 రోజులూ వెకేషన్‌లోనే కరిగిపోతాయి. ఇంకోటి, వెకేషన్ జడ్జి ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు ఒక్కోసారి కోర్టు తెరిచే తేదీ వరకే ఉంటుంది. తెరిచిన రోజున ఫైలు అసలు కోర్టుకు చేరకపోయినా, ఆ రోజు వినే కేసుల పట్టిక, అంటే కాజ్ లిస్టులో ఎక్కకపోయినా ఉత్తర్వు గాల్లో కలిసిపోతుంది. ‘రెగ్యులర్ కోర్టు విని వేరే ఉత్తర్వు ఇచ్చేవరకు’ అని రాస్తే ఈ గండం ఉండదు.

తనను వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే కోర్టులో వేసుకునే కేవియట్ సంగతి కూడా ఇలాంటిదే. అదే కోడ్ సెక్షన్ 148ఎ కింద వేసిన కేవియట్ 90 రోజులే బతుకుతుంది. మార్చి 1న వేసింది మే 30 నాటికి ముగిసిపోతుంది, వెకేషన్ ఉందని ఒక్క రోజు కూడా పెరగదు. బతికున్న రోజుల్లో కూడా అది అసలు కోర్టు రిజిస్టరులో ఉంటుంది, పిటిషన్ మాత్రం వెకేషన్ కోర్టులో పడుతుంది. ఆ రిజిస్టరు వెకేషన్ కోర్టు ఆఫీసుకు కనిపించే ఏర్పాటు లేకపోతే కేవియట్ వేసినవాడికి తెలియకుండానే ఆర్డరు వచ్చేస్తుంది. కంప్యూటరులో ఉన్న వివరమే కదా, జిల్లా మొత్తానికీ ఒకే చోట కనిపించేలా చేయడం కష్టమేమీ కాదు.

గడువుల లెక్క గురించి కాస్త వివరంగా చెప్పాలి. వెకేషన్‌లో జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ‘కోర్టు సెలవులు కదా, తెరిచాక వేద్దాం’ అన్న ధీమా సగం నిజమే. లిమిటేషన్ చట్టం 1963 సెక్షన్ 4 ఇచ్చే వెసులుబాటు చాలా ఇరుకైనది. గడువు ముగిసే రోజు కోర్టు మూసి ఉంటే, తెరిచిన రోజున వేయొచ్చు. తెరిచిన రోజే, రెండో రోజు కాదు. మే 1 నుంచి 31 వరకు వెకేషన్ అనుకుందాం. ఏప్రిల్ 8న వచ్చిన తీర్పు మీద జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, అంటే మే 8. జూన్ 1న కోర్టు తెరిస్తే ఆ రోజు సాయంత్రంలోపు వేయాలి. జూన్ 2న వేస్తే ఆలస్యం ఒక్క రోజు కాదు, మే 8 నుంచి మొత్తానికీ సెక్షన్ 5 కింద కారణం చెప్పుకోవాలి. గడువు ఏప్రిల్ 28నే తీరిపోయి ఉంటే వెకేషన్ అసలు అక్కరకే రాదు.

కాపీల తేదీలు ఇంకా ముఖ్యం. సర్టిఫైడ్ కాపీ వెనక్కి తిప్పితే వరసగా తేదీలు ఉంటాయి: అప్లికేషన్ పెట్టిన రోజు, ఛార్జీలు కట్టమని పిలిచిన రోజు, కట్టిన రోజు, కాపీ తయారైన రోజు, ఇచ్చిన రోజు. అప్పీలు గడువులోంచి మినహాయించేది అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి కాపీ తయారైన రోజు దాకా పట్టిన కాలాన్నే. అప్లికేషన్ పెట్టకముందు డిక్రీ తయారీకి కోర్టుకు పట్టిన సమయాన్ని మినహాయించకూడదని అదే చట్టం సెక్షన్ 12 వివరణ నిక్కచ్చిగా చెబుతోంది. కాబట్టి ఏప్రిల్‌లో తీర్పు వస్తే కాపీ అప్లికేషన్ ఏప్రిల్‌లోనే పడాలి. జూన్ 1న కోర్టు తెరిచాక కాపీకి పెడితే, అప్పీలు వేయాల్సిన రోజూ అదే అవుతుంది, చేతిలో కాపీ ఉండదు. ఛార్జీలు పిలిచిన నోటీసు బోర్డు మీద వెకేషన్ ముందు రోజు పడి, ఎవరూ చూడక, గడువులో కట్టక అప్లికేషన్ కొట్టేస్తే మొదటికే మోసం వస్తుంది. కాపీయింగ్ సెక్షన్ ఒక్కటి వెకేషన్ అంతా తెరిచి ఉంచితే ఈ బాధల్లో ముప్పాతిక వంతు తీరుతుంది. దానికి జడ్జి బెంచి మీద ఉండాల్సిన పని కూడా లేదు.

ఆర్బిట్రేషన్ అవార్డుల, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పుల విషయంలో వెకేషన్ నిజంగా ఉరితాడే. అవార్డు రద్దు కోరడానికి మూడు నెలలు, తగిన కారణం ఉంటే మరో 30 రోజులు, అంతకుమించి ఒక్క రోజు కూడా కుదరదు. అస్సాం నీటి సరఫరా బోర్డు కేసులో అవార్డు చేతికందింది 2003 ఆగస్టు 26న. మూడు నెలలు నవంబరు 26తో తీరాయి. అదనపు 30 రోజులు డిసెంబరు 26తో తీరాయి. ఆ రోజు కోర్టుకు క్రిస్మస్ సెలవులు, డిసెంబరు 25 నుంచి జనవరి 1 వరకు. తెరవగానే జనవరి 2న పిటిషన్ వేశారు. చెల్లదని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. లిమిటేషన్ చట్టం సెక్షన్ 4 కాపాడేది అసలు గడువునే గాని, దయతో ఇచ్చే అదనపు రోజుల్ని కాదన్నది కారణం. 2025 జనవరిలో మరో కేసులో అదే మాట మళ్లీ చెప్పింది. వాణిజ్య వివాదాల కోర్టు ఉన్న విజయవాడలో ఇది రోజూ తగిలే సంగతి. ఆ కోర్టులో ప్రతివాది జవాబు దావాకు 120 రోజులు దాటితే జవాబు వేసే హక్కే పోతుంది. ఇలాంటి గట్టి గడువులున్న కాగితాలను అర్జెంటా కాదా అని అడక్కుండా వెకేషన్‌లో ప్రతి పనిదినమూ తీసుకుని ముద్ర వేసి ఇవ్వాలి. వాదనలు తర్వాత వినొచ్చు.

క్రిమినల్ వైపు పరిస్థితి కొంత నయం. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి కాబట్టి ఆదివారమైనా, పండగైనా రిమాండు డ్యూటీ నడుస్తుంది. చిక్కు వచ్చేది తర్వాతి మెట్లలో. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 187 ప్రకారం నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. ఈ లెక్కలో రిమాండు చేసిన రోజును కూడా కలపాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. మార్చి 3న రిమాండు అయితే 60వ రోజు మే 1, హక్కు పుట్టేది మే 2న. సరిగ్గా వెకేషన్ మొదట్లో. ఆ రోజే దరఖాస్తు పెట్టాలి. పెట్టేలోపు ఛార్జిషీటు పడితే హక్కు పోతుంది, పెట్టాక పడితే పోదు. సెలవుల వల్ల పోలీసుల గడువు పెరగదు. కోవిడ్ లాక్‌డౌన్‌లోనే పెరగదని ఎస్. కాశీ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి సెషన్స్ జడ్జి, మాదకద్రవ్యాల కేసులు వినే ఎన్డీపీఎస్, పిల్లలపై లైంగిక నేరాల కేసులు వినే పోక్సో కోర్టుల జడ్జీలు సెలవులో ఉన్నప్పుడు ఆ దరఖాస్తు ఎవరి ముందు పెట్టాలి? ఇన్‌చార్జి ఎవరో కనుక్కోవడానికి సగం పూట పోతే, ఒక మనిషి స్వేచ్ఛ ఆ సగం పూటలో పోవచ్చు.

బెయిలు వచ్చాక కూడా అంతే. వెకేషన్ కోర్టు గురువారం బెయిలిస్తుంది. పూచీకత్తులు సొంత ఊరి మేజిస్ట్రేటు ముందు ఇవ్వాలి. ఆయన సెలవులో ఉంటారు. ఇన్‌చార్జి మేజిస్ట్రేటుకు అప్పటికే రెండు కోర్టుల పని. శుక్రవారం జామీనుదారుల కాగితాలు సరిచూసేసరికి సాయంత్రమవుతుంది, జైలుకు ఆర్డరు చేరేది సోమవారం. నాలుగు రోజుల జైలు ఏ తీర్పూ వేయని శిక్ష. బెయిలు ఉత్తర్వు ప్రతిని అదే రోజు లేదా మర్నాడు జైలు సూపరింటెండెంటుకు ఈ-మెయిల్ చేయాలని, ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. వెకేషన్‌లో ఆ ఈ-మెయిల్ పంపే బాధ్యత ఫలానా ఉద్యోగిదని హోదాతో సహా ఉత్తర్వులో ఉండాలి.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్నదాని గురించి. కోర్టు ఎప్పుడెప్పుడు కూర్చోవాలో నియంత్రించే అధికారాన్ని రాజ్యాంగం 225వ అధికరణ హైకోర్టు దగ్గరే ఉంచింది. కింది కోర్టుల మీద 235వ అధికరణ ఇచ్చిన అజమాయిషీలో పోస్టింగులు, పదోన్నతులతో పాటు సెలవు మంజూరు కూడా పేరు పెట్టి మరీ ఉంది. ఢిల్లీలో సవరణ వచ్చేదాకా ఆగకుండా వంతుల పద్ధతిని మొదలుపెట్టడానికి ఈ రెండూ చాలు.

లెక్క వేసి చూద్దాం. హైకోర్టులో ముప్పై మంది న్యాయమూర్తులున్నారనుకుంటే, తలా నాలుగు వారాలు అందరూ ఒకేసారి వెళితే ఆ నాలుగు వారాలూ కోర్టు దాదాపు ఖాళీ. పదేసి మంది చొప్పున మూడు వంతులు వేస్తే, ఏప్రిల్ మధ్య నుంచి జూలై మొదటి వారం దాకా పన్నెండు వారాల్లో ఏ రోజు చూసినా ఇరవై మంది బెంచి మీద ఉంటారు. ఎవరి సెలవూ ఒక్క రోజు తగ్గదు. ముప్పై మంది నాలుగేసి వారాలు వెళ్లినా, పదేసి మంది పన్నెండు వారాలు వెళ్లినా మొత్తం సెలవు నూట ఇరవై వారాలే. 2022 ఆగస్టు 20న ప్రారంభమైన విజయవాడ కోర్టుల భవనంలాంటి చోట, ఒకే కప్పు కింద ఇన్ని కోర్టులున్నప్పుడు ఇది ఇంకా తేలిక. ఒక్క జడ్జే ఉన్న చిన్న ఊళ్ల కోర్టులకు మాత్రం పక్క ఊరి కోర్టుతో జత కట్టి, ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఉండేలా చూడాలి. మాచర్లలో తగాదా పడ్డ రైతు రోహిణి కార్తె ఎండలో నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి గుంటూరు రావాల్సిన అవసరం అప్పుడు ఉండదు.

అడ్డంకులు లేవని మేం అనం. డివిజన్ బెంచి జంట విడిపోతే సగం విన్న కేసులు చెడతాయి. అందుకే జంటగా కూర్చునే ఇద్దరూ ఒకే వంతులో వెళ్లాలి. తమ వంతుకు రెండు వారాల ముందు నుంచి కొత్త తుది విచారణలు మొదలుపెట్టకూడదు. అసలైన అడ్డంకి మా వైపే ఉంది. ఒంటరిగా ప్రాక్టీసు చేసే న్యాయవాదికి కోర్టు మూసిన నెలే సెలవు. కోర్టు ఎప్పుడూ తెరిచి ఉంటే వాళ్లకు ఊరికి వెళ్లే రోజే ఉండదు, గుమాస్తాలకైతే మరీనూ. దీనికి మేమే ఒక దారి చెబుతున్నాం. ఈ పన్నెండు వారాల్లో ప్రతి న్యాయవాదీ తనకు నచ్చిన నాలుగు వారాలను మార్చిలోనే రాసి ఇవ్వాలి. స్వేచ్ఛకు, కూల్చివేతకు సంబంధించినవి తప్ప ఆయన కేసులు ఆ వారాల్లో లిస్టులో ఎక్కకూడదు. కాజ్ లిస్టు ఇప్పుడు కంప్యూటరులోనే తయారవుతోంది కాబట్టి న్యాయవాది నమోదు సంఖ్యను బట్టి దీన్ని ఆపడం పెద్ద పని కాదు. బార్ అసోసియేషన్లు దీనికి ఒప్పుకోవాలి. ఒప్పించే బాధ్యత మాది.

వంతుల పద్ధతి వచ్చేదాకా, వచ్చే వేసవికే చేయగలిగింది నోటిఫికేషన్‌ను మార్చడం. వారానికి ఒక ఫైలింగ్ రోజు కాకుండా ప్రతి పనిదినమూ ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 1:30 దాకా కాగితాలు తీసుకోండి. వెకేషన్ కాగితాలకు అభ్యంతరాలేమైనా ఉంటే అదే రోజు చెప్పి, చిన్నవైతే బెంచి ముందే సరిచేసుకోనివ్వండి. ‘అర్జెంటు’ అంటే ఏమిటో రాయండి. హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్), బెయిలు, ముందస్తు బెయిలుతో పాటు ఇల్లు కూల్చడం, ఖాళీ చేయించడం, జరుగుతున్న కట్టడం, కాలువ నీరు, పరీక్షలు, అడ్మిషన్లు, అంత్యక్రియలు, పిల్లల కస్టడీ పేర్లతో సహా ఉంటే గుమ్మం దగ్గర వాదన తప్పుతుంది. కట్టడం కేసుల్లో మొదటి రోజే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనరును వేసి, ఫోటోలు, కొలతలతో స్థలం ఉన్నదున్నట్టు రికార్డు చేయించే వీలు ఉంచండి. గోడ ఏ రోజుకు ఎన్ని వరసలు లేచిందో అది ఒక్కటే చెబుతుంది. ప్రతి ప్రత్యేక కోర్టుకూ వెకేషన్‌లో ఇన్‌చార్జి ఎవరో, ఎక్కడ కూర్చుంటారో వారాలవారీగా పట్టిక ఇవ్వండి. ఫైలింగ్ కౌంటరు తెరిచి ఉన్న రోజు సెక్షన్ 4 అవసరానికి కోర్టు తెరిచినట్టా, మూసినట్టా అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ వాక్యం లేకపోతే జూన్‌లో వందల ఆలస్య క్షమాపణ పిటిషన్లు పడతాయి.

ఈ నోటిఫికేషన్ ఏప్రిల్ చివర్లో వస్తే లాభం లేదు, మార్చి మొదటి వారంలో రావాలి. కేవియట్ బతికేది 90 రోజులు, అప్పీలు గడువు 30 రోజులు. మార్చిలోనే తేదీలు తెలిస్తే కక్షిదారు తన కాపీ అప్లికేషన్ ఏప్రిల్‌లో పెట్టుకోగలడు. కోర్టుకు ఎప్పుడూ రానివాళ్లు కూడా చదివేలా తెలుగులో వేసి, ప్రతి కోర్టు నోటీసు బోర్డు మీద, జిల్లా జైళ్ల లోపల, మండల న్యాయ సేవా కేంద్రాల గోడల మీద అంటించండి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు కోర్టుల్లో పనిచేసే కొందరు న్యాయవాదులు, న్యాయవాద గుమాస్తాలు